పాట కింద పేరు

మేముండే చోటికి కారులో అరగంట దూరంలో కార్బరో అని ఒక చిన్న ఊరుంది. నార్త్ కరొలైనాలో, చాపెల్ హిల్ యూనివర్సిటీని ఆనుకునే ఉంటుంది. అక్కడ రైలు పట్టాల పక్కన సైకిళ్ళకీ, నడిచేవాళ్ళకీ వేసిన సన్నటి దారి ఉంది. పేరు లిబ్బా కాటన్ బైక్‌వే. చాలాసార్లు నడిచాను ఆ దారిలో. కాటన్ అనగానే మనకి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర గుర్తొస్తాడు కదా, ఈ కాటన్ కూడా ఎవరో పాతకాలం మేయరో, స్థలం దానం చేసిన పెద్దమనిషో అయ్యుంటాడులే అనుకుని ఊరుకున్నాను.

తర్వాతెప్పుడో తెలిసింది. ఆయన కాదు, ఆవిడ. ఆస్తులున్న మనిషి కూడా కాదు. ఇళ్ళల్లో వంటలూ అంట్లూ చేసి బతికిన ఒక నల్లజాతి స్త్రీ. ఆ పట్టాల దగ్గర్లోనే పుట్టి, రాత్రిళ్ళు గూడ్సుబండ్ల చప్పుడు వింటూ పెరిగి, పదకొండో పన్నెండో ఏళ్ళ వయసులో ఆ బండి మీద ఒక పాట కట్టింది. 'ఫ్రైట్ ట్రైన్' అనే ఆ పాట గిటారు నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ మొదట్లో పట్టే పాటల్లో ఒకటి. పాట ప్రపంచమంతా తిరిగింది. దాని కింద ఆవిడ పేరు చేరడానికి మాత్రం అర్ధశతాబ్దం పైన పట్టింది.

అదెలా జరిగిందో చెబుదామనే ఇదంతా. ఆవిడతో పాటు ఇంకో రెండు ఖండాల నుంచి మరో ఇద్దరి సంగతి కూడా.

ఎలిజబెత్ నెవిల్స్ 1893లో పుట్టింది. అన్నకి ఒక బాంజో ఉండేది. అన్న పనికి వెళ్ళగానే చెల్లెలు దాన్ని తీసి వాయించేది. తీగ తెగితే మాట్లాడకుండా ఎక్కడిది అక్కడ పెట్టేసేది. ఆ అమ్మాయిది ఎడమచేతి వాటం. అన్న వాయిద్యం కాబట్టి తీగలు తన వాటానికి మార్చుకునే వీల్లేదు. అందుకని వాయిద్యాన్నే తిరగేసి పట్టుకుంది.

అన్న ఇల్లు వదిలి వెళ్ళిపోతూ బాంజో కూడా పట్టుకుపోయాడు. చదువు మానేసి ఎలిజబెత్ ఒక ఇంట్లో పనికి కుదిరింది. నెలకి 75 సెంట్లు జీతం. ఊళ్ళో దుకాణంలో స్టెల్లా కంపెనీ గిటారు ఖరీదు 3.75 డాలర్లు. లెక్క చూసుకోండి, సరిగ్గా ఐదు నెలల జీతం. పైసా ఖర్చు పెట్టకుండా దాచుకుంటే. దాచుకుని కొనుక్కుంది.

దాన్ని కూడా తిరగేసే పట్టుకుంది. మామూలుగా గిటారు వాయించేవాళ్ళకి బొటనవేలు పైన ఉండే లావు తీగల మీద మంద్రం నడిపిస్తుంటే, మిగతా వేళ్ళు కింద సన్న తీగల మీద పాటని పలికిస్తాయి. ఈవిడ గిటారులో సన్న తీగలు పైకొచ్చాయి, లావువి కిందికి వెళ్ళాయి. కాబట్టి బొటనవేలు పాటని పలికిస్తుంది, వేళ్ళు మంద్రం చూసుకుంటాయి. నేర్పేవాళ్ళు లేక తనంతట తాను కనిపెట్టుకున్న ఈ పద్ధతికి ఇప్పుడు 'కాటన్ పికింగ్' అని పేరు. అరవై ఏళ్ళుగా గిటారు వాయించేవాళ్ళు దాన్ని అనుకరించడానికి తంటాలు పడుతూనే ఉన్నారు.

తర్వాత పెళ్ళయింది. ఫ్రాంక్ కాటన్ భార్య అయింది. ఒక కూతురు పుట్టింది. చర్చిలో పెద్దలు ఇలాంటి లౌకికమైన పాటలు మానుకోమన్నారు. సంసారం, పని, చర్చి. గిటారు మూలపడింది. పడింది పడింది, దాదాపు నలభై ఏళ్ళు అలాగే ఉంది.

1940ల్లో కాటన్ వాషింగ్టన్ చేరి ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తోంది. ఒకరోజు ఒక చిన్నపిల్ల తల్లి నుంచి తప్పిపోయి ఏడుస్తుంటే, తీసుకెళ్ళి అప్పజెప్పింది. ఆ పాప పెగ్గీ సీగర్. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్ సంగీతకర్త, జానపద గీతాలకి స్వరాలు రాసిపెట్టే మనిషి. తండ్రి ఛార్ల్స్ సీగర్ సంగీత శాస్త్రవేత్త. ఆ పరిచయంతో కాటన్ వాళ్ళింట్లో పనికి కుదిరింది. 'లిబ్బా' అన్న ముద్దుపేరు కూడా ఆ ఇంటి పిల్లల నోటి నుంచే వచ్చింది.

ఆ ఇంట్లో పొద్దస్తమానం పాటలే. అమెరికాలో మూలమూలల నుంచీ సేకరించిన జానపద గీతాల రికార్డులు విని, స్వరాలు రాసుకునే ఇల్లది. ఇక్కడే నాకు కథ వింతగా అనిపిస్తుంది. జానపద సంగీతం కోసం దేశమంతా వెతుకుతున్న కుటుంబం ఆ హాల్లో కూర్చుని ఉంటే, ఆ సంగీతం వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. ఏళ్ళపాటు ఎవరికీ తెలీదు. వంటింటి గోడకి ఒక గిటారు వేలాడుతుండేది. ఎవరూ లేని సమయం చూసి కాటన్ దాన్ని తీసి వాయించుకునేది. చిన్నప్పుడు అన్న బాంజో తీసినట్టే. ఒకరోజు పెగ్గీ చూసింది.

తర్వాత పెగ్గీ పెద్దదై 1950ల్లో ఇంగ్లండు వెళ్ళింది. వెళ్తూ తనకిష్టమైన లిబ్బా పాట కూడా తీసుకెళ్ళి అక్కడ పాడింది. అప్పట్లో ఇంగ్లండులో స్కిఫుల్ అని ఒక ఊపు. గిటారూ, బట్టలుతికే రేకుపలకా దొరికితే చాలు, కుర్రాళ్ళు బృందాలు కట్టేసేవారు. బీటిల్స్ మొదలైంది కూడా అలాంటి బృందంగానే. ఆ ఊపులో ఛాస్ మెక్‌డెవిట్ బృందం, నాన్సీ విస్కీ అనే గాయనితో కలిసి 'ఫ్రైట్ ట్రైన్' రికార్డు చేసింది. 1957లో అది అక్కడ పెద్ద హిట్టు. రికార్డు మీద రచయితల పేర్లు రెండున్నాయి. రెండూ ఇంగ్లండు వాళ్ళవే. నార్త్ కరొలైనా పేరు గానీ, పాట కట్టిన పిల్ల పేరు గానీ లేవు.

అందులో మోసం ఎంత, అలవాటు ఎంత అని ఆలోచిస్తే నాకు అలవాటే ఎక్కువ భయపెడుతుంది. ఒక పాట 'జానపదం' అనిపించుకోగానే అది ఎవరిదీ కాదని అందరం అనుకుంటాం. ఎవరిదీ కానిది ముందు రిజిస్టరు చేయించుకున్నవాడిది అవుతుంది. పొరంబోకు భూమి లాంటిదన్నమాట. సాగు చేసుకున్నవాళ్ళ దగ్గర కాగితం ఉండదు. కాగితం ఉన్నవాడు నాగలి పట్టి ఉండడు. కాటన్‌కి సీగర్ కుటుంబం అండగా నిలబడింది కాబట్టి ఆ పాట మీద ఆవిడ పేరూ, హక్కూ తిరిగొచ్చాయి. అలాంటి అండ దొరకని వాళ్ళ మాటేమిటి?

ఆ పేరు నిలబడటానికి ఇంకో కారణం పెగ్గీ అన్న మైక్ సీగర్. టేపు రికార్డరు పట్టుకుని కాటన్ ఇంటికే వెళ్ళాడు. స్టూడియో లేదు. పడకగది. చుట్టూ మనవలు. వాళ్ళు నిద్రపోయాకో, బతిమాలి చప్పుడు చెయ్యకుండా కూర్చోబెట్టాకో రికార్డింగు. 1958లో ఫోక్‌వేస్ కంపెనీ దాన్ని ఆల్బమ్‌గా తెచ్చింది. అరవై ఐదేళ్ళ వయసులో మొదటి ఆల్బమ్! ఆ రికార్డింగు ఇప్పటికీ దొరుకుతుంది, వినండి. గొంతు పెద్దది కాదు. మైకు కోసం పాడుతున్నట్టు ఉండదు, పక్కగదిలో వాళ్ళు లేస్తారేమోనన్న జాగ్రత్త ఉన్నట్టుంటుంది. వేళ్ళు తీగ మీద జరిగినప్పుడు వచ్చే గీర కూడా వినిపిస్తుంది.

1967లో వచ్చిన ఇంకో ఆల్బమ్‌లో 'షేక్ షుగరీ' అనే పాట ఉంది. అందులో చరణాలు మునిమనవలు తలొకటీ కట్టారు. పాడింది పన్నెండేళ్ళ మునిమనవరాలు. పెద్దావిడ పక్కన గిటారు మాత్రమే వాయించింది. రికార్డు మీద ఆ పిల్ల పేరు, బ్రెండా ఎవాన్స్, ఉంది. తన పేరు పోతే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కదా అనిపించింది నాకు.

1985లో, తొంభై దాటాక, గ్రామీ అవార్డు వచ్చింది. పాటల డబ్బుతో సిరక్యూస్‌లో సొంత ఇల్లు కొనుక్కుంది. 1987 జూన్ 29న పోయింది.

ఆ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు చిలీ. వియోలేతా పార్రా 1917లో పుట్టింది.  పార్రాది పేద కుటుంబం, తండ్రి సంగీతం మాస్టరు. చిన్నప్పటి నుంచీ బార్లలో, సర్కస్ డేరాల్లో జనం అడిగిన పాటల్లా పాడి సంపాదించేది. ముప్పై ఐదేళ్ళు దాటాక, అన్న నికనోర్ ప్రోత్సాహంతో (ఈయన చిలీలో పెద్ద కవి) పల్లెపాటల సేకరణ మొదలెట్టింది. శాంతియాగో శివార్లలో, పల్లెల్లో ముసలివాళ్ళ దగ్గర కూర్చుని పాటలు రాసుకునేది. పుయెంతే ఆల్తో అనే చోట ఒక ముసలాయన దగ్గర 25 తీగల చిలీ గిటారు నేర్చుకుంది. యూనివర్సిటీ పంపిన పరిశోధకురాలు కాదు. గిటారు భుజాన వేసుకుని వెళ్ళి, ముందు తను ఒక పాట పాడి, తర్వాత వాళ్ళని పాడమని అడిగే మనిషి.

అలా పాటలు చెప్పినవాళ్ళలో రోసా లోర్కా అని ఒకావిడ ఉంది. మంత్రసాని. పసిబిడ్డలు చనిపోయినప్పుడు వాళ్ళని అలంకరించి కూర్చోబెట్టడం కూడా ఆవిడ పనే. చిలీ పల్లెల్లో పసిబిడ్డ పోతే తెల్లబట్టలు వేసి, కాగితం రెక్కలు కట్టి, దేవదూతలా కూర్చోబెట్టి రాత్రంతా పాటలు పాడేవారు. ఆ పాటల్లో పాడేవాళ్ళు బిడ్డ గొంతుతో తల్లికి వీడ్కోలు చెబుతారు. తల్లి ఏడిస్తే బిడ్డ రెక్కలు తడిసి ఎగరలేదని నమ్మకం. అందుకని తల్లి ఏడవకూడదు. ఆ ఏడుపేదో పాటే ఏడవాలి.

ఈ పాటల్ని పార్రా శ్రద్ధగా నేర్చుకుంది. 1955లో వార్సాలో జరిగిన యువజనోత్సవాలకి పిలుపొచ్చింది. ఏడాదైనా నిండని కూతుర్ని ఇంట్లో వదిలి ఓడెక్కింది. ఆవిడ యూరప్‌లో ఉండగానే ఆ పాప చనిపోయింది. వెంటనే తిరిగి రాలేదు. ఏడాదికి పైగా ప్యారిస్‌లో పాడుతూ ఉండిపోయింది. దీని మీద ఆవిడని తప్పుపట్టినవాళ్ళు ఉన్నారు. తనని తాను అందరికన్నా ఎక్కువ తప్పుపట్టుకుంది కూడా. చివరి ఆల్బమ్‌లో ఆవిడ సొంతంగా కట్టిన పసిబిడ్డల వీడ్కోలు పాట ఒకటుంది. మంత్రసాని దగ్గర నేర్చుకున్న పాట ఎక్కడికొచ్చి చేరిందో చూడండి.

1964లో ప్యారిస్‌లో లూవ్ర్ భవనంలోని అలంకార కళల మ్యూజియంలో ఆవిడ ఎంబ్రాయిడరీ బొమ్మల ప్రదర్శన జరిగింది. మర్నాటి ఏడాది శాంతియాగో శివార్లలో పెద్ద డేరా వేసి, దాన్ని జానపద కళలకి నిలయం చేద్దామనుకుంది. దూరమని, చలి అని జనం అంతగా రాలేదు. జీవితానికి కృతజ్ఞత చెబుతూ ఆవిడ రాసిన పాట, 'గ్రాసియాస్ ఎ లా వీదా', 1966లో వచ్చిన ఆ చివరి ఆల్బమ్‌లోదే. 1967 ఫిబ్రవరి 5న ఆ డేరాలోనే తన ప్రాణం తీసుకుంది. వయసు 49. ఆ తర్వాత ఆ పాటని అర్జెంటీనా గాయని మెర్సెదెస్ సోసా పాడింది, అమెరికాలో జోన్ బాయెజ్ పాడింది. సైనిక పాలనల్లో దేశం విడిచిపోయినవాళ్ళు దాన్ని తమ వెంట మోసుకెళ్ళారు.

నాకు వీటన్నిటికన్నా ఆవిడ చేసిన ఇంకో పని పెద్దదిగా అనిపిస్తుంది. సేకరించిన పాటలతో ఆవిడ సిద్ధం చేసిన పుస్తకం పోయాక ఎప్పుడో 1979లో అచ్చయింది. అందులో పాటలు మాత్రమే కాదు, పాడినవాళ్ళు కూడా ఉంటారు. పేర్లతో, ఫోటోలతో, ఏ ఊరివాళ్ళో, ఏం చేసి బతికేవాళ్ళో అన్న వివరంతో. రోసా లోర్కా పేరు నేనిక్కడ టైపు చెయ్యగలుగుతున్నానంటే కారణం అది. అక్షరం వచ్చినవాళ్ళ మధ్య ఆ మంత్రసానికి ఒక పేరుండేలా చూసింది పార్రా.

మూడో మనిషి సెజారియా ఎవోరా. ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న కేప్ వెర్ద్ దీవులు ఆవిడవి. 1941లో మిందేలో అనే రేవు పట్నంలో పుట్టింది. తండ్రి వాయిద్యకారుడు, ఆవిడకి ఏడేళ్ళప్పుడే పోయాడు. తల్లి పోషించలేక కొంతకాలం అనాథాశ్రమంలో ఉంచింది. పదహారేళ్ళ వయసు నుంచీ బార్లలో, రేవులో ఆగిన ఓడల్లో పాడింది. పాడినందుకు డబ్బుకన్నా మందు ఎక్కువ ముట్టేది. 1975లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గానీ ఆవిడకి బతుకుతెరువు రాలేదు. దాదాపు పదేళ్ళు పాట మానేసింది.

తర్వాత లిస్బన్‌లో జోసె ద సిల్వా అనే ఒక కేప్ వెర్ద్ మూలాలున్న ఫ్రాన్సు కుర్రాడు ఆవిడ పాట విన్నాడు. రైల్వేలో పనిచేసేవాడు. ప్యారిస్ రమ్మన్నాడు. 1988లో మొదటి ఆల్బమ్. 1992లో వచ్చిన 'మిస్ పెర్ఫుమాదో'తో ప్రపంచం తిరిగి చూసింది. అప్పటికి ఆవిడకి యాభై దాటింది. చెప్పుల్లేకుండా వేదికెక్కేది. మధ్యలో పాట ఆపి, బల్ల దగ్గర కూర్చుని తీరిగ్గా సిగరెట్టు కాల్చుకునేది. వెనకాల వాళ్ళు గిటార్లు, కవకీన్యో (నాలుగు తీగల చిన్న గిటారు), వయొలిన్ వాయిస్తుండేవారు. పాడేది పోర్చుగీసులో కాదు, ఇంట్లో మాట్లాడే క్రియోల్‌లో. ఆ పాటల పద్ధతిని మోర్నా అంటారు. 2019లో యునెస్కో దాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. మిందేలో విమానాశ్రయానికి ఇప్పుడు ఆవిడ పేరే.

ఆవిడ పాటల్లో అందరికీ తెలిసినది 'సొదాద్'. బెంగ అనొచ్చు మన భాషలో. దాని వెనక ఒక చరిత్ర ఉంది. కేప్ వెర్ద్‌లో వాన చాలా తక్కువ. 1940ల్లో వచ్చిన కరువుల్లో వేలకి వేలు మంది చచ్చిపోయారు. పోర్చుగీసు ప్రభుత్వం తిండి పంపించకుండా, మిగిలినవాళ్ళని ఓడలెక్కించి సావ్ తొమే దీవిలో కోకో తోటలకి కూలీలుగా పంపింది. కాంట్రాక్టు కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. ఆ దారిని ఎవరు చూపించారని అడిగే పాట అది.

ఈ పాట కింద పేరు కూడా చాలాకాలం తప్పే. వేరేవాళ్ళ పేర్లతో చలామణీ అయింది. చివరికి అది సావ్ నికొలావ్ దీవిలో చిన్న వ్యాపారం చేసుకునే అర్మాందో జెఫెరీనో సోరెస్ కట్టినదని తేలింది. సావ్ తొమేకి వెళ్తున్న తనవాళ్ళని సాగనంపుతూ 1950ల్లో కట్టాడట. ప్రపంచం సగం పాడుకున్నాక, ఆయన ముసలివాడయ్యాక పేరొచ్చింది.

ఈ కోకో తోటల కథ మనకి కొత్తది కాదు. మన కోరంగి రేవు నుంచి, విశాఖపట్నం నుంచి ఇలాగే ఓడలెక్కినవాళ్ళున్నారు. మారిషస్‌లో, బర్మాలో ఆ తెలుగువాళ్ళందరినీ కలిపి ఆ రేవు పేరుతోనే 'కోరంగీలు' అన్నారు. ఎక్కిన రేవే మనిషి పేరైపోయింది. ఆ ఓడల్లో ఆడవాళ్ళు ఏం పాడుకున్నారో, ఎవరు కట్టిన పాటలు పాడుకున్నారో చెప్పే టేపు మన దగ్గర లేదు.

ఇప్పుడా తేదీ. 1987 జూన్ 29, సోమవారం. లండన్‌లో ఒక పబ్బులో కొన్ని చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు సమావేశమయ్యారు. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా రికార్డుల్ని దుకాణంలో ఏ అరలో పెట్టాలో షాపువాళ్ళకి తెలియట్లేదు. ఏదో ఒక పేరు పెట్టాలి. నాలుగైదు మాటలు అనుకుని చివరికి 'వరల్డ్ మ్యూజిక్' అని ఖాయం చేశారు. అదే రోజు సిరక్యూస్‌లో ఎలిజబెత్ కాటన్ కన్నుమూసింది.

కాకతాళీయమే. దీన్నుంచి నీతి లాగను. ఆ పబ్బులో కూర్చున్నవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. ఆ అర లేకపోతే మిందేలోలో పాడిన గొంతు నా హెడ్‌ఫోన్స్ దాకా వచ్చేది కాదేమో కూడా. కానీ అరకి పేరు పెట్టడం తొందరగానే అయిపోయింది. పాటకి పేరు పెట్టించడానికి కాటన్‌కి యాభై ఏళ్ళు పట్టింది.

ఇదంతా చదువుతున్నప్పుడు నా ఫోనులో ఉన్న ఒక రికార్డింగు గుర్తొచ్చింది. మా అమ్మమ్మది. ఎనిమిదేళ్ళ కిందట ఇండియా వెళ్ళినప్పుడు, వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ పాడింది. పసిపిల్లకి నీళ్ళు పోస్తూ పాడే పాట. నిమిషంన్నర ఉంటుంది. వెనక కుక్కర్ కూత కూడా ఉంది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆ ఫైలుకి 'అమ్మమ్మ పాట' అని పేరు పెట్టుకున్నాను. అందరికీ పంపాను. మా పాపకి నీళ్ళు పోసేటప్పుడు పెట్టుకునేవాళ్ళం.

అసలు రికార్డింగు ఇంకా పెద్దది. పాడే ముందు ఆవిడ కొంచెంసేపు మాట్లాడింది. "నాది కాదు నాన్నా, ఇది మా మేనత్త కట్టింది, వాళ్ళ మూడోపిల్ల పుట్టినప్పుడు..." అంటూ ఆవిడెవరో, ఏ ఊరో చెప్పింది. అది పాట కాదు కదా అని నేను ముందు భాగం కత్తిరించేశాను. ఫైలు చిన్నదవుతుందని. ఒరిజినల్ ఉంచుకోలేదు. మూడోపిల్ల దాకా గుర్తుంది నాకు. మేనత్త పేరు గుర్తులేదు. మా అమ్మని అడిగాను, మావయ్యని అడిగాను. "ఆవిడా? అందరూ పెద్దత్త అనేవాళ్ళం రా" అన్నారు.

ఆ ఇంగ్లండు వాళ్ళనీ, కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్ళనీ ఇంతసేపూ అన్నాను కదా. నేను చేసింది కూడా అదే. డబ్బు కోసం కాదు, పాతిక మెగాబైట్ల కోసం.

తాళ్ళపాక తిమ్మక్క పేరు మనకి మిగిలింది. ఆవిడ తర్వాత ఐదువందల ఏళ్ళలో మన ఇళ్ళల్లో పుట్టిన పాటలెన్నో. లాలిపాటలు, దంపుళ్ళ పాటలు, అప్పగింతల పాటలు, నాట్లపాటలు. వాటన్నిటికీ మనం 'స్త్రీల పాటలు' అని ఒక అర కట్టి, అందులో పెట్టేశాం. పాట తనంతట తాను పుట్టదు. ఎవరో ఒక మేనత్త, మూడోపిల్ల పుట్టిన ఒకరోజు, నీళ్ళ కాగు పక్కన కూర్చుని కడుతుంది.

మీ ఇంట్లో పాడే పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఈసారి ఫోను చేసినప్పుడు రికార్డు చెయ్యండి. పాట ఒక్కటే కాదు, ముందూ వెనకా మాటలతో సహా. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగండి. ఆ పేరు ఫైలు పేరులోనే టైపు చెయ్యండి.

నా ఫైలుకి ఇప్పుడు పేరు మార్చాను. 'పెద్దత్త పాట, అమ్మమ్మ గొంతు' అని. అంతవరకే తెలుసు నాకు.